పట్టాలు లేని రైలుదారి

మెల్‌బోర్న్‌లో నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట సైకిల్ ప్రస్తావన రావడం తక్కువ. వచ్చినా, పిల్లాడి పుట్టినరోజుకి ఏ సైజుది కొనాలన్న దగ్గర ఆగిపోతుంది. మన తరానికి సైకిల్ దాటొచ్చేసిన మెట్టు. హైస్కూలుకి సైకిల్, ఇంజనీరింగుకి బస్సు, మొదటి ఉద్యోగానికి మోటార్ సైకిల్, ఇక్కడికొచ్చాక కారు. ఇంత దూరం వచ్చినవాడు మళ్ళీ సైకిలెక్కి ఊళ్ళు తిరుగుతానంటే, "ఏం బాబూ, ఉద్యోగం అదీ బానే ఉందా?" అన్నట్టు చూస్తారు.

ఇంకో రకం సైకిలు వాళ్ళున్నారు. శనివారం తెల్లారుజామున ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని, గుంపులు గుంపులుగా బీచ్ రోడ్డు మీద దూసుకుపోతుంటారు. నేను వాళ్ళలోనూ చేరను. నా వేగం గంటకి పన్నెండు, మహా అయితే పదిహేను కిలోమీటర్లు. చెట్టు బావుంటే ఆగుతాను. ఆవు నావైపు చూస్తే ఆగుతాను. కార్లు లేని దారి, ఎక్కుడు లేని నేల, పక్కన పొలాలు ఉంటే చాలు. అలాంటి దారి కోసం ఆస్ట్రేలియాలో వెతికితే దొరికేవి రైల్ ట్రైల్స్. అంటే రైళ్ళు ఆగిపోయిన తర్వాత పట్టాలు పీకేసి, ఆ కట్ట మీదే నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వేసిన దారులు.

నాకు ఈ పిచ్చి పుట్టించింది ఆఫీసులో పక్క సీటు అతను. ఇటలీ వాడు. వాళ్ళ ఊరు ఫెరారా వైపు. అక్కడ పో నది కుడిగట్టు మీద నూటఇరవై కిలోమీటర్ల పైచిలుకు సైకిల్ దారి ఉందనీ, అటూ ఇటూ చూపు ఆనినంత మేరా మొక్కజొన్న, గోధుమ, పళ్ళతోటలేననీ, ముసలమ్మలు కూడా సైకిల్ మీదే కూరగాయలు తెచ్చుకుంటారనీ తెగ చెప్పేవాడు. వింటుంటే నాకు మన కోనసీమ కాలువగట్లు గుర్తొచ్చేవి. "ఈసారి సెలవుల్లో వెళ్ళిరా" అన్నాడు. టికెట్ల ధర చూసి, "దగ్గర్లో చిన్న ఇటలీ ఏమైనా ఉందా?" అని హాస్యానికి అడిగాను. అతను మాత్రం నవ్వకుండా, "ఉంది. మర్టల్‌ఫర్డ్ వెళ్ళు" అన్నాడు.

మర్టల్‌ఫర్డ్ విక్టోరియా ఈశాన్యాన, ఓవెన్స్ నది లోయలో ఉన్న చిన్న ఊరు. ఆ లోయ వెంబడి పోయే దారి పేరు ముర్రే టు మౌంటెన్స్ రైల్ ట్రైల్. వాంగరాటా నుంచి బ్రైట్ దాకా ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో ఎవర్టన్ దగ్గర ఒక కొమ్మ చీలి బీచ్‌వర్త్ అనే పాత బంగారు గనుల ఊరికి ఎక్కుతుంది. స్కూల్లో భూగోళం పాఠంలో చదువుకున్న ముర్రే నది పేరులోనే ఉంది గానీ దారిలో కనపడదు. ఓవెన్స్ నదే పోయి దాన్లో కలుస్తుంది. ఓవెన్స్ అంటే పొయ్యిలు అనుకునేరు, కాదు. 1824లో హ్యూమ్, హోవెల్ అనే ఇద్దరు అన్వేషకులు ఇటుగా వచ్చినప్పుడు జాన్ ఓవెన్స్ అనే మేజరు పేరు పెట్టారు. ఆ నది ఒడ్డున నిజంగానే పొయ్యిల వరసలు వెలిశాయన్న సంగతికి తర్వాత వస్తాను.

ఏప్రిల్ చివర్లో ఆన్‌జాక్ డే సెలవు కలిసొచ్చింది. మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్లో ఆల్బరీ రైలెక్కాను. సైకిల్ కూడా రైల్లోనే. దానికి ప్రత్యేకంగా కొంచెం చోటుంటుంది, ముందొచ్చినవాళ్ళకి ముందు. మూడు గంటల లోపే వాంగరాటా. వెనక చక్రానికి రెండు వైపులా రెండు సంచులు: ఒకదాన్లో బట్టలు, ఇంకోదాన్లో ట్యూబు, చేతిపంపు, పులిహోర. మా ఆవిడ సైకిల్ సంగతి పట్టించుకోలేదు గానీ పులిహోర విషయంలో రాజీ పడలేదు. నెత్తిన హెల్మెట్ తప్పనిసరి. సైకిల్ తొక్కేవాళ్ళకి హెల్మెట్ చట్టం చేసిన మొదటి చోటు ప్రపంచంలో ఈ విక్టోరియాయే, 1990లో.

ఊరు దాటగానే దారి పొలాల్లోకి దిగుతుంది. మెత్తటి తారు, మన ఊళ్ళో రెండు ఎడ్లబండ్లు కూడా పక్కపక్కన పట్టనంత సన్నం. అటూ ఇటూ ఎండి బంగారు రంగుకి తిరిగిన గడ్డి. గొర్రెలు, నల్లావులు. మధ్యమధ్య ఒంటరిగా నిలబడ్డ రెడ్ గమ్ చెట్లు, ఎన్ని వందల ఏళ్ళవో. మొదటి అరగంట చెవులు ఏదో వెతుక్కుంటాయి. నగరంలో సైకిల్ తొక్కేటప్పుడు సగం ప్రాణం వీపు మీదే ఉంటుంది, వెనక నుంచి ఏ బండి వస్తోందోనని. ఇక్కడ వెనక ఏమీ రాదని వీపుకి నమ్మకం కుదరడానికి ఓ పది కిలోమీటర్లు పట్టింది. కుదిరాక చూడాలి! చైను సన్నటి రొద, టైరు కింద ఎండాకు పటపట, పైన కాకటూల గోల. అంతే.

ఈ దారి ఎందుకింత చదునుగా ఉంటుందన్నది ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు ముచ్చటేసిన సంగతి. ఇనప పట్టా మీద ఇనప చక్రానికి పట్టు తక్కువ. కాస్త ఏటవాలు ఎక్కువైతే ఆవిరి ఇంజను చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. అందుకని రైలుదారి వేసేవాళ్ళు మిట్ట వస్తే తవ్వేవాళ్ళు, పల్లం వస్తే కట్ట పోసేవాళ్ళు. ఎవర్టన్ నుంచి మర్టల్‌ఫర్డ్‌కి 1883లో, అక్కణ్ణించి బ్రైట్‌కి 1890లో రైలు వెళ్ళింది. పలుగూ పారా, గుర్రపు బళ్ళతో అప్పటి కూలీలు సరిచేసిన నేల అది. 1980ల్లో రైళ్ళు ఆగిపోయాయి. రైలుదారి కింద భూమి మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. అమ్మేసుంటే తలా ఓ ముక్కా పొలంలో కలుపుకునేవాళ్ళు, దారి అన్నది మాయమయ్యేది. పక్కా తారు వేసి సైకిళ్ళకి వదలడంతో, నూరేళ్ళ కిందటి ఆ కూలీల కష్టం ఇవాళ నా మోకాళ్ళకి అక్కరకొచ్చింది.

లాండ్రిగన్, టారవింగీ, ఎవర్టన్. స్టేషన్ ఉండిన ప్రతిచోటా ఊరి పేరు బోర్డు ఉంటుంది. కొన్నిచోట్ల పాత ప్లాట్‌ఫారం దిమ్మ కూడా మిగిలింది. ఎవర్టన్ దగ్గర బీచ్‌వర్త్ కొమ్మకి ఒక నమస్కారం పెట్టాను. అటు పదహారు కిలోమీటర్లూ ఎక్కుడే. గ్యాప్‌స్టెడ్ ముందు మాత్రం తప్పించుకోలేని ఎక్కుడొకటి ఉంది. కింది గేరు వేసుకుని, పాటొకటి కూనిరాగం తీస్తూ ఎక్కేశాను. ఆ గట్టు దాటి కిందికి జారుతుంటే లోయ తెరుచుకుంది. గొర్రెల గడ్డి నేలలు పోయి ద్రాక్షతోటలు, వాల్‌నట్ తోటలు, నది ఒడ్డున పచ్చటి నేల, దూరంగా నీలంగా బఫెలో కొండ.

అక్కడ చూశాను మొదటిదాన్ని. పొలం మధ్యలో, కిటికీలు లేకుండా, పొడుగ్గా నిలబడ్డ రేకుల కొట్టం. కప్పు మీద గాలి పోయే మూత. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. తుప్పు పట్టి, ఒకదానికి తలుపే లేదు. సైకిల్ ఆపి చూస్తూ ఉండిపోయాను. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది పొగాకు బ్యారన్.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట పల్లె. వర్జీనియా పొగాకు 1920ల్లో గుంటూరు ప్రాంతంలో మొదలై మా వైపు పాకింది. మా తాత కట్టిన బ్యారన్ మా ఇంటికన్నా ఎత్తు. దసరా వెళ్ళాక నాట్లు. సంక్రాంతి నాటికి ఆకు రెలుపు మొదలు. తెల్లారేసరికి పచ్చాకు తెచ్చి పందిట్లో పోస్తే, ఆడకూలీలు వరసగా కూచుని కర్రలకు అల్లేవాళ్ళు. ఆ కర్రల్ని బ్యారన్ లోపల దూలాల మీద కింద నుంచి పైదాకా అంతస్తులుగా వేలాడదీసేవాళ్ళు. ఆకు బంక చేతులకి పట్టిందంటే నల్లగా అంటుకుపోతుంది, సబ్బుకి వదలదు. మా అమ్మ ఆ నెలల్లో అన్నం చేత్తో కలుపుకోదు, చెంచాతో తింటుంది. ఎంత కడిగినా చేదేనట.

తర్వాత పొయ్యి. బయట నుంచి కట్టె ఎగదోస్తుంటే ఆ వేడి ఇనప గొట్టాల్లోంచి బ్యారన్ లోపల తిరుగుతుంది. పొగ ఆకుకి తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. మొదట సన్నటి వేడిలో ఆకు పండాలి, తర్వాత రేకు ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. అయిదారు రోజులు, రాత్రీ పగలూ. వేడి తగ్గితే ఆకు నల్లబడుతుంది, హెచ్చితే మాడుతుంది. నాన్న పొయ్యి దగ్గరే మంచమేసుకునేవాడు. నేను ఆ మంచం మీద, ఆ పొయ్యి వెలుగులో పదో తరగతి లెక్కలు చేసుకున్నాను. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ బ్యారన్‌లోంచే వచ్చింది. అదీ ఆ రేకుల కొట్టం ముందు నేను నిలబడిపోవడానికి కారణం.

మర్టల్‌ఫర్డ్‌లో ఆ రాత్రి ఉన్నాను. మర్నాడు పొద్దున ఊరు దాటాక ఒక పొలం గేటు దగ్గర బల్ల మీద వాల్‌నట్ సంచులు పేర్చి ఉన్నాయి. పక్కన డబ్బాకి చిల్లి. డబ్బులు అందులో వేసి సంచీ తీసుకెళ్ళడమే, చూసేవాళ్ళుండరు. నేను చిల్లర వెతుక్కుంటుంటే లోపల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు. టోపీ, ఊలు చొక్కా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఆయన వెనక, ఇంటి పక్కనే, మూడు బ్యారన్లు.

"పొగాకువా?" అని అటు చూపించాను.

"నీకెట్లా తెలుసు?" అన్నాడు. ఇక్కడ ఆగే సైకిలు వాళ్ళు వాటిని చూసి ఏమనుకుంటారో చెప్పి నవ్వాడు. కొందరు ధాన్యం కొట్లంటారట, ఒకామె చర్చి అనుకుందట.

మా ఇంటిదగ్గరా ఒకటుందనీ, అది ఇప్పటికీ కాలుతోందనీ చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. గేటు తీశాడు. "టీ తాగుతావా, కాఫీ తాగుతావా?" అని ఇటలీ వాడు అడగడం అదే మొదటిసారి చూశాను. మామూలుగా వాళ్ళు కాఫీయే ఇస్తారు.

ఆయన కథ ఈ లోయ కథే. వాళ్ళది వెనెటో. 1950ల్లో నాన్నతో వచ్చేనాటికి ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషు రాదు, సొంత నేల లేదు. నేలా బ్యారనూ ఆసామివి, ఒళ్ళు వంచే కష్టం వీళ్ళది, పంటలో వాటా. అచ్చంగా మన పాలికి చేయడమే. కుటుంబం మొత్తం, పిల్లలతో సహా, పొలంలోనే. కొన్నేళ్ళకి కూడబెట్టి నేల కొన్నారు. ఈ లోయలో పొగాకు అంతకు ముందు నుంచే ఉంది, బంగారం కోసం వచ్చిన చైనావాళ్ళు కూడా పండించారు. దాన్ని ఊరి బతుకుదెరువుగా మార్చింది మాత్రం ఇటలీ నుంచి వచ్చిన ఈ కుటుంబాలే. వాళ్ళ క్లబ్బు, వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు, ఎండాకాలం చివర్లో చుట్టాలందరూ కలిసి టమాటా రసం సీసాలకి పట్టడం. ఆ చివరి ముచ్చట వింటుంటే మా ఇంట్లో ఆవకాయ రోజు గుర్తొచ్చింది.

"ఆకు కర్రకి కట్టేవాళ్ళా, కుట్టేవాళ్ళా?" అని అడిగాడు.

"అల్లుతారు" అని చేతులతో చూపించాను. ఆయన కూడా చేతులు గాల్లోకి లేపి, వాళ్ళావిడ ఎలా కట్టేదో చూపించాడు. ఇద్దరి చేతులూ దాదాపు ఒకేలా కదిలాయి. పొయ్యి దగ్గర మంచం సంగతి చెబితే, "మా నాన్నా అంతే. మొదట కట్టె, తర్వాత చమురు పొయ్యిలొచ్చాయి. పొయ్యిలు మారినా మంచం మాత్రం పోలేదు" అన్నాడు.

ఆ తర్వాత 2006. ఇక్కడి ఆకు ఖరీదనీ, బయట నుంచి చవగ్గా వస్తుందనీ సిగరెట్ కంపెనీలు కొనడం మానేశాయి. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ మరీబాలో అంతకు రెండేళ్ళ ముందే ఆగిపోయింది. రైతులకి ఎంతో కొంత సొమ్ము ముట్టజెప్పి లైసెన్సులు వెనక్కి తీసుకున్నారు. దేశం మొత్తం మీద చట్టబద్ధమైన పొగాకు సాగు దాంతో సరి. ఇప్పుడు ఆస్ట్రేలియాలో లైసెన్సు లేకుండా పెరట్లో ఒక్క పొగాకు మొక్క పెంచినా నేరమే. యాభై ఏళ్ళు చేసిన పని, మరుసటి ఏడాది చేస్తే జైలు!

"బాధపడ్డారా?" అని అడిగాను.

"మొదటి జనవరి కష్టమైంది" అన్నాడు. "పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలీలేదు. వాసన లేదు ఊళ్ళో."

తర్వాత కొందరు ద్రాక్ష వేశారు, కొందరు హాప్స్ అనే బీరు తీగ, కొందరు చెస్ట్‌నట్లు, కొందరు ఆవులు. కొందరు అమ్ముకుని వెళ్ళిపోయారు. ఈయన వాల్‌నట్ పెట్టాడు. ఏడో ఏడుకి గానీ అమ్ముకునేంత కాపు రాలేదు.

ఇక్కడ నేను నాన్న సంగతి ఎత్తాను. మా వైపు ఏ బ్యారన్‌కి ఎంత పండించాలో పొగాకు బోర్డు చెబుతుంది. 1976 నుంచి గుంటూరులో ఉన్న బోర్డు అది. పండించిన ఆకు బేళ్ళు కట్టి వేలానికి తీసుకెళ్ళాలి. వ్యాపారులు వద్దంటే బేలు మీద నోబిడ్ అని రాస్తారు. దాన్ని వెనక్కి మోసుకురావాలి, మళ్ళీ వారం మళ్ళీ కిరాయి. ఒకసారి ఆంధ్రా అంతటా వర్జీనియాకి క్రాప్ హాలిడే ఇచ్చారు, 2000లో. నాకప్పుడు పన్నెండేళ్ళు, చలికాలంలో బ్యారన్ చల్లగా ఉండటం ఆ ఏడే చూశాను. 2015లో ధర పడిపోయినప్పుడు మా జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ నెలంతా నేను ఆఫీసులో మీటింగుల మధ్య ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. నాన్న ఎత్తేదాకా గుండె కొట్టుకునేది. అప్పట్నుంచీ ప్రతి ఏడాదీ నేను ఒకటే పాట: "ఆపెయ్ నాన్నా. నేనున్నాగా." ప్రతి ఏడాదీ ఆయనది ఒకటే జవాబు: "ఈ ఒక్క ఏడు చూద్దాం రా."

పెద్దాయనకి ఇదంతా చెప్పి, "మా నాన్నకి ఏం చెప్పమంటారు?" అని అడిగాను. మానేయమని చెప్పు అంటాడనుకున్నాను. నిజానికి ఆ మాట ఈయన నోటి నుంచి విని, ఫోన్లో నాన్నకి వినిపించాలని నా లెక్క.

ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "నాకు డబ్బిచ్చి ఆపమన్నారు. చెట్టు కాపుకొచ్చేదాకా ఆ డబ్బు తిన్నాను. మీ నాన్నకి ఎవరిస్తున్నారు?"

"నేనిస్తాగా" అన్నాను.

"కొడుకు దగ్గర తీసుకోవడం వేరు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. లేచి రెండు సంచుల వాల్‌నట్లు తెచ్చాడు. ఒకటి నాకు, ఒకటి మా నాన్నకట. ఆస్ట్రేలియా నుంచి ప్రకాశం జిల్లాకి వాల్‌నట్లు పంపడం ఎలాగో ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. తీసుకుని సంచీలో పెట్టుకున్నాను.

ఆ రోజు మిగతా ముప్ఫై కిలోమీటర్లూ తొక్కుతూ ఆ మాటే నమిలాను. సైకిల్ వేగంలో ఉన్న సుఖమో కష్టమో అది: తలలో దూరిన మాటని దారి బయటికి పోనివ్వదు. కుడివైపు బఫెలో కొండ రాతిగోడలా వెంట వస్తూనే ఉంది. యూరోబిన్ దగ్గర హాప్స్ తోటలు. కోత మార్చిలోనే అయిపోయింది, మనిషికి మూడింతల ఎత్తు కర్రలు, వాటి మీద తీగలు, ఖాళీగా. మధ్యమధ్య బ్యారన్లు. ఒకదాన్ని బాగుచేసి అతిథుల గది చేశారు. ఒకదాన్లో ట్రాక్టరు. ఇంకోదాని కప్పు లోపలికి కూలి, మధ్యలోంచి చెట్టు మొలిచింది.

మా వైపు కూడా మానేసినవాళ్ళు లేకపోలేదు. నల్లరేగడి ఉన్నవాళ్ళు శనగకి మారారు. కొందరు సుబాబుల్ వేశారు, దానికీ ధర కోసం ఎదురుచూపులే. తీసినవాళ్ళు ఎవరికి వాళ్ళు తీశారు, నష్టపోయినవాళ్ళు ఎవరికి వాళ్ళు పోయారు. ఈ లోయలో ఆపిన రోజు ఒకటుంది, ఆపినందుకు ముట్టిన సొమ్ము ఉంది, ఆ తర్వాత వచ్చి కాఫీ తాగి డబ్బాలో డబ్బులేసి వెళ్ళే నాలాంటివాళ్ళ కోసం ఒక దారి ఉంది. పట్టాలు తీసినా కట్ట ఉంచినట్టు. మా నాన్నని నేను అడుగుతున్నది పట్టాలూ కట్టా కలిపి ఒకేసారి తీసెయ్యమని. ఇన్నేళ్ళ నుంచీ అది ఆయన మొండితనం అనుకుంటూ వచ్చాను. యూరోబిన్ దాటాక అలా అనిపించడం మానేసింది.

పోరెపుంకా దగ్గర బక్‌లాండ్ వైపు దారి చీలుతుంది. 1857 జులై 4న ఆ లోయలో తెల్ల గనికార్మికులు చైనావాళ్ళ గుడారాలు తగలబెట్టి, కొట్టి తరిమేశారు. పొలాల పచ్చదనం చూసి మురిసిపోయేటప్పుడు అదీ తెలిసి ఉండటం మంచిది. ఈ నేల మీద ఎవరూ సులువుగా నిలబడలేదు. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు నది పక్కనే పోతే బ్రైట్.

బ్రైట్ చూడాలంటే ఏప్రిల్ చివరే. పోప్లార్లు పసుపు, మేపుల్స్ ఎరుపు, వీధులన్నీ రాలిన ఆకులే. ఫొటోలు తీసుకునే జనం. ఊరికా పేరు వెలుగు వల్ల రాలేదు, జాన్ బ్రైట్ అనే బ్రిటిష్ నాయకుడి వల్ల వచ్చింది. భారతదేశంలో పత్తి సాగు మీద 1848లో బ్రిటిష్ పార్లమెంటు వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. మన రైతు ఏం పండించాలన్న చర్చ ఎంత దూరాన ఎవరెవరు చేశారో! కానీ మా ఇంట్లో పెరిగినవాడికి ఆ బోర్డు చూడగానే గుర్తొచ్చేది వేరు. పొగాకులో మేలురకాన్ని బ్రైట్ గ్రేడ్ అంటారు. నిమ్మపండు రంగులో, మచ్చ లేకుండా, చేత్తో పట్టుకుంటే పట్టులా ఉండే ఆకు. ఏడాది కష్టంలో అది ఎన్ని బేళ్ళు తేలిందన్న దాని మీదే మాకు పండగ బట్టలు.

పాత స్టేషన్ దగ్గర సైకిల్ ఆనించి, బోర్డు ఫొటో తీసి నాన్నకి పంపాను. నిమిషంలో ఫోన్ వచ్చింది.

"ఏందిరా అది, బ్రైట్ అని రాసుంది? అక్కడా వేలం ఉందా?"

"ఊరి పేరు నాన్నా. ఒకప్పుడు ఇటంతా పొగాకేనంట."

"ఇప్పుడు?"

"ఆపేశారు."

బ్యారన్ల ఫొటోలు కూడా పంపాను. ఆయన వాటిని చాలాసేపు చూసినట్టున్నాడు. కప్పు మీద మూత మన దానికన్నా పెద్దదన్నాడు. రేకులకి వేడి ఎట్టా ఆగుతుందిరా అని అడిగాడు. పెద్దాయన గురించీ, ఎనిమిదేళ్ళప్పుడు ఓడలో రావడం గురించీ, మంచం గురించీ చెప్పాను. మంచం దగ్గర నవ్వాడు. మానేయమని ఈసారి నేను అనలేదు. దానికి బదులు, ఎంతుంటే మానేస్తావు, ఎన్నేళ్ళకి, ఏం పెడతావు అని అడిగాను. పదేళ్ళలో నేను ఆ మూడు ప్రశ్నలూ ఎప్పుడూ అడగలేదు. ఆయనా వాటికి వెంటనే జవాబు చెప్పలేదు.

"ఆ చెట్లు ఎన్నేళ్ళకి కాశాయన్నావు?" అన్నాడు కాసేపాగి.

"ఏడేళ్ళకి."

"ఏడు" అన్నాడు. మనసులో కూడుకుంటున్నట్టుంది. నాన్నకిప్పుడు అరవై నాలుగు. "డెబ్బై ఒకటి. మరీ ఎక్కువేం కాదులే."

ఆ తర్వాత, తెల్లారుజామున బేళ్ళు వేసుకుని వేలానికి పోవాలనీ, పడుకుంటాననీ ఫోన్ పెట్టేశాడు. నేను పులిహోర డబ్బా తీశాను. రెండు రోజులైంది గానీ బానే ఉంది.